కొబ్బరి కొమ్ముపురుగు : తోటలోను, ప్రయోగశాలలోను

కొబ్బరి తోట గల ప్రతి రైతునకు కొమ్ముపురుగు తెలిసినదే. రాత్రివేళ దీపము వెలుగునకు రొదచేయుచు వచ్చి, గోడకు తగిలి, వెల్లకిల పడి కాళ్ళు కొట్టుకొను నల్లని లావుపాటి పెంకుపురుగు ఇదియే. పిల్లలు దారము కట్టి ఆడుకొందురు. ఇంత తెలిసిన పురుగే అయినను, దీని జీవితములో మన కంటబడునది ఒక్క భాగము మాత్రమే. మిగిలిన భాగమంతయు మన కాళ్ళక్రింద, మనము చేతులార పోసిన పెంటకుప్పలోనే గడచుచున్నది. ఈ సంగతిని పుస్తకములో చదివియు, మనసున పట్టించుకొనక, నేను ఒకసారి ఒక రైతునకు సగము సలహా మాత్రమే ఇచ్చితిని. సగము సలహా తప్పు సలహాకు ఏమియు తీసిపోదు. ఆ అనుభవముతోనే ఈ వ్యాసమును ప్రారంభించుచున్నాను.

ఒక తప్పు సలహా

నేను ఉద్యోగములో చేరిన రెండవ సంవత్సరము. గోదావరి డెల్టాలో ఒక మండలములో పనిచేయుచుంటిని. ఆ ప్రాంతపు రైతు ఒకాయన, వయసులో పెద్దవాడు, ఎకరము నేలలో కొబ్బరి మొక్కలు నాటి మూడేండ్లు పెంచినాడు. మొవ్వులు దెబ్బతినుచున్నవని కబురు చేయగా వెళ్ళి చూచితిని. మొవ్వు మొదట బొటనవ్రేలు పట్టునంత కన్నములు, వాటినుండి నమలి పారవేసిన పీచు బయటకు వచ్చియున్నది. కొమ్ముపురుగని చెప్పుటకు నాకు నిమిషము పట్టలేదు. మొవ్వులో పోయవలసిన పురుగుమందు పేరు చీటీపై వ్రాసి ఇచ్చి వచ్చితిని.

ఆయన చీటీ ప్రకారము రెండుసార్లు మందు పోసెను. డబ్బు ఖర్చయినది. వానలు వెలసిన తరువాత మరల కబురు వచ్చినది. ఈసారి మునుపటికంటె ఎక్కువ మొక్కలు దెబ్బతినియున్నవి. కొన్నింటి మొవ్వు పట్టుకొని లాగినచో చేతిలోనికి వచ్చుచున్నది. మొదలు కుళ్ళి వాసన కొట్టుచున్నది. ఆ పెద్దాయన నన్ను కోపపడలేదు. "ఏమండీ బాబూ, ఇప్పుడు మందు మార్చమంటారా, మొక్కలు మార్చమంటారా?" అని మాత్రము అడిగెను. నా వద్ద సమాధానము లేకపోయినది.

ఆ తోట గట్టుమీద, మొక్కలకు ముప్పది అడుగుల దూరములో, ఏడాదిగా కదపని పెంటకుప్ప ఒకటి యున్నది. దాని ప్రక్కనే గాలివానకు పడిన ముసలి కొబ్బరిచెట్ల మొద్దులు రెండు పుచ్చి పడియున్నవి. రెండుసార్లును నేను ఆ కుప్ప నీడనే నా మోటారు సైకిలు నిలిపి తోటలోనికి పోయితిని. కుప్పవంక చూడలేదు.

బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదువుచున్న రోజులలో మేమందరము పురుగులను పట్టి పెట్టెలలో గుచ్చవలసియుండెడిది. పెంకుపురుగును గుచ్చునప్పుడు సూదిని కుడి రెక్క పెంకుమీదుగా దింపవలెనని నేర్పిరి. వీధిదీపము క్రింద దొరికిన కొమ్ముపురుగును నేను సరిగా అటులనే గుచ్చి మార్కులు సంపాదించితిని. కాని, అది ఆ దీపము వద్దకు రాకముందు ఎక్కడనుండి వచ్చినదని ఆలోచించలేదు. పెట్టెలోని పురుగును చూచుట ఒక ఎత్తు, పురుగు బ్రతుకును చూచుట మరియొక ఎత్తు.

తోటలో చూడవలసినది

కొమ్ముపురుగు పెద్దదైన తరువాతనే కొబ్బరిచెట్టుపై వ్రాలును. రాత్రివేళ ఎగిరివచ్చి మట్టల సందున దిగి, విచ్చుకొనని మొవ్వును తొలుచుకొని లోనికి పోవును. లోపల ఉన్నంతకాలము మెత్తని భాగమును నమలి రసము పీల్చి, పిప్పిని వెనుకకు త్రోసివేయును. కన్నము బయట కనబడు పీచు అదియే. పీచు తడిగా, తాజాగా ఉన్నచో పురుగు ఇంకను లోపల నున్నదని గ్రహించవచ్చును. ఎండి నల్లబడియున్నచో అది వెళ్ళిపోయి యుండవచ్చును.

మడతపెట్టిన కాగితమును కత్తెరతో ఒకచోట కత్తిరించి విప్పినచో ఎన్నో చోట్ల కోతలు కనబడును గదా. అదే విధముగా, మడతలలోనున్న మొవ్వాకును పురుగు ఒక్కచోట తొలిచినను, ఆకు విచ్చుకొన్న తరువాత రెండు ప్రక్కల ఈనెలు త్రికోణాకారముగ తెగియుండును. కావున తెగిన మట్టను చూచినపుడు, ఆ గాయము నేటిది కాదనియు, అది మొవ్వులో నుండగా చాల వారముల క్రిందట తగిలినదనియు తెలిసికొనవలెను. పెద్దచెట్టు సుమారు నెలకొక మట్ట వేయును. పైనుండి తెగిన మట్టల వరుసను లెక్కించినచో దాడి ఏయే నెలలలో ఎక్కువగా నుండినదో అంచనా వేయవచ్చును. చెట్టే మనకు డైరీ వ్రాసి ఉంచుచున్నది.

విచ్చుకొనని పొత్తులను తొలిచినచో ఆ గెల పోయినట్లే. లేత మొక్కలలో పెరుగు మొగ్గకే గాయము తగిలి మొక్క చచ్చును. ఇవి గాక మరి రెండు ప్రమాదములున్నవి. ఈ గాయముల వాసనకు ఎర్రముక్కు పురుగు వచ్చి గ్రుడ్లు పెట్టును. వానకాలములో గాయములనుండి మొవ్వుకుళ్ళు తెగులు ప్రవేశించును. ఆ పెద్దాయన తోటలో మొవ్వులు చేతికి ఊడివచ్చుటకు కారణమిదియే.

కుప్పలో చూడవలసినది

చెట్టుపైనున్న పెద్దపురుగు అక్కడ గ్రుడ్లు పెట్టదు. గ్రుడ్లకొరకు అది నేలకు దిగి, మాగిన పెంటకుప్పలను, పుచ్చిన కొబ్బరి మొద్దులను, కుళ్ళిన ఆకు చెత్తను, రంపపు పొట్టును వెదకుకొని పోవును. ఒక్క ఆడపురుగు తన జీవితకాలములో 50 మొదలు 150 వరకు గ్రుడ్లు పెట్టగలదు. గ్రుడ్డు తెల్లగా బియ్యపు గింజకంటె లావుగా నుండి, తేమ పీల్చి గుండ్రబడును. 8 మొదలు 18 రోజులలో పొదుగును.

పిల్లపురుగు తెల్లగా, లావుగా, అరసున్న వలె వంగియుండును. తల గోధుమరంగు, రొమ్ము వద్ద మూడు జతల కాళ్ళు. ఇది కుళ్ళిన పదార్థమునే తినును. పచ్చని చెట్టును ముట్టదు. రెండుసార్లు కుబుసము విడిచి మూడు దశలలో పెరిగి, మనిషి బొటనవ్రేలికంటె లావగును. ఈ దశ 99 మొదలు 182 రోజులు. తరువాత కుప్ప అడుగునకు, ఒక్కొక్కప్పుడు క్రింది మట్టిలోనికి దిగి, గూడు చేసికొని నిద్రావస్థలో 10 మొదలు 25 రోజులుండును. పెంకుపురుగుగ మారిన పిదపకూడ వెంటనే బయటకు రాక, పెంకు గట్టిపడువరకు రెండు మూడు వారములు ఆ గూటిలోనే యుండును. బయటపడిన పురుగు నాలుగు నెలలు మొదలు తొమ్మిది నెలల వరకు జీవించును.

కొమ్ము మగదానికి పొడవుగను, ఆడదానికి పొట్టిగను ఉండును. అనుమానము కలిగినచో పొట్ట చివరను చూడవలెను. ఆడదానికి అచ్చట ఎర్రని నూగు దట్టముగ నుండును.

కుప్పలో దొరకు ప్రతి పురుగును కొమ్ముపురుగు పిల్ల కాదు. పేడపురుగుల పిల్లలు చిన్నవి. అవి పేడను మట్టిలో కలిపి మనకు మేలే చేయును. ఎర్రముక్కు పురుగు పిల్లకు కాళ్ళుండవు. అది కుప్పలో గాక చెట్టు మ్రానులో నుండును. ఈ మూడింటిని వేరుచేసి గుర్తించుట అలవాటు చేసికొనవలెను.

మరుసటిసారి నేను ఆ పెద్దాయన వద్దకు పోయినపుడు చీటీ వ్రాయలేదు. పార అడిగితిని. కుప్పను ఒక ప్రక్కనుండి తవ్వుచు తట్టలకెత్తి, ఎండలో పరచితిమి. మొదటి తట్టలోనే అన్ని వయసుల పిల్లపురుగులును బయటపడినవి. కోళ్ళు పరుగెత్తుకొని వచ్చినవి. అడుగున గూళ్ళలో కొమ్ము మొలిచిన కొత్త పురుగులు ఎగురుటకు సిద్ధముగా నున్నవి. పెద్దాయన పార ప్రక్కన పెట్టి, "ఇన్నాళ్ళూ నా మొక్కల్ని నేనే తినిపించుకొన్నానన్నమాట" అనెను. ఆ మాటలో సగము భాగము నాదని నాకు తెలియును.

ప్రయోగశాలలో చూచినది

తరువాత ఒక శిక్షణలో కొమ్ముపురుగుపై ప్రయోగశాలలో పనిచేయు అవకాశము కలిగినది. చచ్చిన పిల్లపురుగులను తడిపిన దూదిపై గాజు గిన్నెలలో ఉంచి మూతపెట్టితిమి. కొన్ని రోజులకు కొన్నింటిపై ముందు తెల్లని బూజు పట్టి, తరువాత అది ముదురు ఆకుపచ్చ పొడిగా మారినది. ఇది మెటారైజియం అను శిలీంధ్రము. పురుగు చర్మముగుండ లోనికి పోయి దానిని చంపి, ఎండిన దేహముపై కోట్లకొలది బీజములను కాయించును. 1879లో మెచ్నికాఫ్ అను శాస్త్రజ్ఞుడు ఒడెస్సా ప్రాంతములో గోధుమను పాడుచేయు పెంకుపురుగులపై ఈ శిలీంధ్రమునే పరిశీలించి, పురుగులపై ప్రయోగింపవచ్చునని తలచెను. నేడు దీనిని అన్నము, కొబ్బరినీళ్ళు వంటి చౌక పదార్థములపై పెంచి, పిల్లపురుగులుండు కుప్పలలో కలుపుచున్నారు.

రెండవది ఇంకను వింతైనది. పెద్దపురుగు పొట్టను సన్నని కత్తెరతో తెరచి మధ్యప్రేగును చూచితిమి. ఆరోగ్యముగానున్న పురుగు ప్రేగు సన్నగ, గోధుమవర్ణముగ నుండును. మరియొక పురుగు ప్రేగు ఉబ్బి, దానిని గిల్లగానే పాలవంటి తెల్లని ద్రవము వచ్చినది. అది వైరస్ సోకిన పురుగు. ఈ వైరస్‌ను 1963లో హ్యూగర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు మలయాలో కనుగొనెను. ఇది సోకిన పిల్లపురుగు కొన్ని వారములలో చచ్చును. పెద్దపురుగు వెంటనే చావదు. తిండి తగ్గి, గ్రుడ్లు తగ్గి, ఎగురుచు పోయిన కుప్పలన్నిటిలోను తన మలముతో రోగమును వదలుచు పోవును. పురుగే మన తరఫున మందు మోసికొనిపోవుచున్నదన్న మాట.

పసిఫిక్ సముద్రములోని సమోవా దీవులకు 1909లో సింహళమునుండి తెచ్చిన రబ్బరు మొక్కలతో ఈ కొమ్ముపురుగు ప్రవేశించి, కొబ్బరియే ఆధారమైన ఆ దీవులను దశాబ్దముల తరబడి పీడించెను. 1967లో అచ్చట ఈ వైరస్‌ను ప్రవేశపెట్టగా పురుగు ఉధృతి బాగుగ తగ్గినది. మన దేశములో కాసరగోడులోని కేంద్ర తోటపంటల పరిశోధన సంస్థ ఈ వైరస్‌పై పనిచేసి, ప్రయోగశాలలో రోగము సోకించిన పెద్దపురుగులను హెక్టారునకు 10 మొదలు 15 వరకు సాయంకాలము తోటలలో వదలు పద్ధతిని సిఫారసు చేసినది. మన రాష్ట్రములో అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానము కొబ్బరి పురుగుల జీవ నియంత్రణపై కృషి చేయుచున్నది.

ఈ సంగతి ఊరిలో చెప్పినపుడు ఒక యువ రైతు, "చంపమని చెప్పిన మీరే తెచ్చి వదులుతారా అండీ?" అని నవ్వెను. సబబైన ప్రశ్నయే. వదలునవి ఎక్కడబడితే అక్కడ పట్టినవి కావు; ప్రయోగశాలలో రోగము సోకించినవి మాత్రమే. అందువలన ఇది రైతు సొంతముగ చేయు పని కాదు. పరిశోధన స్థానము వారి ద్వారానే జరుగవలెను.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడ అవసరము. 2007లో గువామ్ దీవిలో బయటపడిన కొమ్ముపురుగు రకమునకు పాత వైరస్ అంతగా పట్టుటలేదని తేలినది. ఏ ఒక్క ఆయుధమును శాశ్వతము కాదు. ఎన్ని ఆయుధములు వచ్చినను కుప్ప శుభ్రత మాత్రము తప్పదు.

ప్రయోగశాల లెక్క, కుప్పకు గడువు

ప్రయోగశాలలో పురుగును పెంచి రోజులు లెక్కించుట ఎందులకని కొందరు అడుగుదురు. ఈ క్రింది కూడికను చూడుడు. గ్రుడ్డుకు తక్కువలో తక్కువ 8 రోజులు, పిల్లపురుగునకు 99, నిద్రావస్థకు 10. మొత్తము 117 రోజులు. ఆ తరువాత గూటిలో మరి రెండు మూడు వారములు. అనగా, గ్రుడ్డుపడిన నాటినుండి ఎంత త్వరగా పెరిగినను నాలుగు నెలలు నిండినగాని ఒక్క కొమ్ముపురుగును ఎగురజాలదు. కుప్పను ప్రతి రెండు నెలలకొకసారి తిరుగవేసి, కనబడిన పిల్లపురుగులను ఏరివేసినచో ప్రతి పురుగును ఎగురకముందు కనీసము రెండుసార్లు మన చేతికి చిక్కును. ఒకసారి తప్పించుకొన్నది రెండవసారి దొరకును. ఏడాది కదపని కుప్పలో మాత్రము రెండు తరములు కూడ ఎగిరిపోగలవు. పురుగుమందు ధర కంటె ఈ కూడిక చౌక.

రైతులు చేయవలసిన పనులు

1. పెంటకుప్పను రెండు నెలలకొకసారి తిరుగవేసి, పిల్లపురుగులను ఏరి చంపవలెను. కోళ్ళకు వేసినను మంచిదే. మాగిన ఎరువును నిలువయుంచక పొలమునకు తోలవలెను.

2. చచ్చిన, పడిన కొబ్బరిచెట్ల మొద్దులను, మోళ్ళను తోటలో ఉంచరాదు. చీల్చి వంటచెరకుగా వాడుకొనవలెను, లేదా కాల్చివేయవలెను.

3. కుప్పను వెంటనే తీయుటకు వీలుకానిచో, మెటారైజియం శిలీంధ్రమును తెచ్చి తేమగానున్న కుప్పలో కలుపవలెను. ఎండిన కుప్పలో ఇది పనిచేయదు. ముందుగా నీరు చల్లవలెను.

4. దింపు తీయునపుడు ప్రతి చెట్టు మొవ్వును చూడుమని దింపు కార్మికునకు చెప్పవలెను. తాజా పీచు కనబడినచో ఇనుప కొక్కెముతో పురుగును జాగ్రత్తగ లాగివేసి, కన్నమునకు బోర్డో పేస్టు పూయవలెను. మొవ్వును మరింత గాయపరచరాదు.

5. లేత మొక్కలలో మొవ్వు చుట్టునున్న మట్టల మొదళ్ళలో మూడు కలరా ఉండలు, అనగా సుమారు 12 గ్రాములు, పెట్టి ఇసుకతో కప్పవలెను. 45 రోజులకొకసారి మార్చవలెను.

6. పెద్దచెట్లలో పై మూడు మట్టల సందులలో 250 గ్రాముల వేపపిండిని అంతే ఇసుకతో కలిపి, సంవత్సరమునకు మూడుసార్లు వేయవలెను.

7. ఒక కిలో ఆముదపు పిండిని 5 లీటర్ల నీటిలో కలిపి కుండలలో పోసి తోటలో ఉంచినచో, పులిసిన వాసనకు పెద్దపురుగులు వచ్చి పడును. మగపురుగు విడుచు వాసనను పోలిన ఎరతో చేసిన ఆకర్షక బుట్టలును లభించుచున్నవి. వీటికి ఆడ, మగ రెండును వచ్చును. అయితే, బుట్టను లేత మొక్కల నడుమ కట్టరాదు. ఎరను వెదకుచు వచ్చిన పురుగు ప్రక్కనున్న మొక్కపై వ్రాలు ప్రమాదము కలదు. తోట అంచున, మొక్కలకు దూరముగా కట్టవలెను.

పని ముగిసిన తరువాత ఒక చిన్న పుస్తకములో తేదీ, కుప్పలో దొరకిన పిల్లపురుగుల సంఖ్య, బుట్టలో పడిన ఆడ మగ పురుగుల సంఖ్య వ్రాసికొనుట మంచిది. ఒక ఏడాది వ్రాసినచో మీ తోటలో పురుగు ఎప్పుడు హెచ్చునో మాకంటె మీకే బాగుగ తెలియును.

ఇది ఊరంతటి పని

కొమ్ముపురుగునకు గట్లు, సరిహద్దులు లేవు. ఒకరి కుప్పలో పుట్టి మరొకరి మొవ్వులో దిగును. పది మంది కుప్పలు తిరుగవేసి, పదకొండవవాడు ఊరకున్నచో పదిమంది శ్రమయు సగము వృధాయగును. ఈ సంగతి పూర్వులకు తెలియనిది కాదు. 1919లోనే మద్రాసు రాష్ట్రములో వ్యవసాయ చీడల, తెగుళ్ళ చట్టము చేసి, ప్రభుత్వము ప్రకటించిన చీడల విషయములో భూమి అనుభవించువారు తగు చర్యలు తీసికొనవలెనని నిర్దేశించిరి. చట్టముకంటె మంచిమాట ముందు పనిచేయును. గ్రామ ఉద్యోగులును, సర్పంచులును, వ్యవసాయ, ఉద్యాన సహాయకులును కలిసి రెండు నెలలకొక రోజును కుప్పలు తిరుగవేయు దినముగా ఊరికి చాటించవచ్చును. ఇళ్ళ వెనుక కుప్పలతోపాటు చెరువు గట్టున, బడి వెనుక, రోడ్డు ప్రక్కన ఎవరిదియు కాని చెత్తకుప్పలను ముందు చూడవలెను. ఎవరిదియు కాని కుప్పయే అందరికిని శత్రువు.

తుపానుల తరువాత ఈ జాగ్రత్త రెట్టింపు కావలెను. 1996 నవంబరు తుపానులో కోనసీమలోను, 2018 అక్టోబరు తిత్లీ తుపానులో ఉద్దానములోను కొబ్బరిచెట్లు అసంఖ్యాకముగ నేలకూలినవి. అట్టి సమయమున రైతు దుఃఖములో నుండును, కూలీలు దొరకరు, మొద్దులు పడినచోటనే పుచ్చును. పుచ్చిన ప్రతి మొద్దును కొమ్ముపురుగునకు పురిటిల్లగును. గాలికి తట్టుకొని నిలిచిన చెట్లను, కొత్తగ నాటిన మొక్కలను ఆ పురుగు తరువాత వచ్చి తినును. నష్టపరిహారపు లెక్కలు వ్రాయునపుడే మొద్దుల తొలగింపునకు కూడ ఏర్పాటు చేయుట గ్రామ ఉద్యోగుల ముఖ్య బాధ్యతలలో నొకటిగా భావించవలెను.

మొన్న ఆ దారిని పోవుచు ఆ పెద్దాయన తోటకు మరల వెళ్ళితిని. గట్టుమీద కుప్ప చిన్నదిగ, కొత్తదిగ నున్నది. చెట్లు కాపునకు వచ్చినవి. అయితే, వరుసలలో అక్కడక్కడ ప్రక్కవాటికంటె పొట్టిగా నున్న చెట్లు కొన్ని కనబడును. అవి నా చీటీ తరువాత చచ్చిన మొక్కల స్థానములో మరల నాటినవి. ఆయన వాటిని నాకు చూపలేదు; నేనే లెక్కించుకొంటిని. కొబ్బరి చెట్టు మూడు తరములు బ్రతుకును. ఆ ఎత్తుల తేడా చాలకాలము కనబడుచునే యుండును. నాకు అది మంచిదే. ఇప్పుడు ఏ తోటకు పోయినను, మొవ్వువైపు తల ఎత్తుటకు ముందు గట్టుమీది కుప్పవైపు చూచుట నాకు అలవాటైనది. రైతు సోదరులకును ఆ అలవాటునే కోరుచున్నాను.